మొదటి సాలు వదిలిన మౌలాబీ

నిన్న పొద్దున వసారాలో కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాను. ఎర్రటి మిరపకాయ గుంటూరు యార్డుకు పోతుంది, తెల్లబారిన తాలుకాయ మా ఇంట్లో కారానికి మిగులుతుంది. కాస్త కలిగిన తర్వాత కూడా నేను ఆ పద్ధతి మార్చలేదు. అంతలో వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. రికార్డు చేసిన ఆడపిల్ల గొంతు, పంచదార పాకం లాంటి గొంతు, చెప్పిందే చెబుతోంది. పంచాయతీ ఆఫీసు దగ్గర గుండె పరీక్ష, కొలెస్ట్రాల్ పరీక్ష, అంతా ఉచితమట. మన మీద ఆధారపడిన వాళ్ళ కోసమైనా మనం రావాలట. నా వేళ్ళ మధ్య కాయ నుగ్గయిపోయింది. కారం గోళ్ళ సందుల్లోకి దిగి భగభగ మండింది. ఆ గొంతు మలుపు తిరిగి సన్నబడేదాకా నేను కదల్లేదు. మా కోడలు వంటింట్లోంచి తొంగిచూసి, వెళ్ళి చూపించుకు వస్తాను అత్తయ్యా అంది. వెళ్ళమన్నాను. పరీక్ష చేయించుకోవడంలో తప్పేముంది? కానీ వాళ్ళేదైనా మాత్ర చేతిలో పెడితే, అది నోట్లోకి పోయేముందు నా ముందుకు రావాలని గట్టిగా చెప్పాను. నేను చదివింది మూడో తరగతి. మాత్ర మంచిదో చెడ్డదో నాకేం తెలుసు? అడగాల్సినవి మాత్రం తెలుసు. అవి నాకు తెలియడానికి ముందు ఒక మనిషి కాళ్ళు పోయాయి.

ఆ మనిషి మౌలాబీ అక్క. అద్దంకి దాటాక నల్లరేగడి పొలాల మధ్య ఉన్న మా ఊళ్ళో మిరపకోతల ముఠాకు మేస్త్రి. వాళ్ళది దూదేకుల ఇల్లు. ఆమె మామగారి కాలందాకా పరుపులకు దూది ఏకి బతికారు. మిషన్లు వచ్చాక ఆ పని పోయింది, అక్క పొలానికి వచ్చింది. చీర మీద మొగుడి ఫుల్‌చేతుల చొక్కా, తలకు తువ్వాలు, గట్టి ఎముక, ఇటు చేలో పలికితే అటు చేలో వినపడే గొంతు. ముప్ఫై మంది ఆడవాళ్ళని నడిపిన మనిషి. ఎవర్నీ చెయ్యెత్తి కొట్టింది లేదు, బూతు మాట అన్నదీ లేదు. ఊరికే పేరు పెట్టి పిలిచేది, అంతే, నడుం వాల్చబోయిన వాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు.

నేను ఆమె ముఠాలో చేరింది పత్తి మమ్మల్ని ముంచిన ఏడు. ఉన్న చేనంతా పత్తి వేసి, పురుగు తినగా మిగిలింది మందుల షాపు వాడు పట్టుకుపోతే, మా ఆయన గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా చేరాడు. మా వాళ్ళలో ఆడది కూలికి పోతే నామోషీ. పోకపోతే పిల్లలు పస్తు. మొదటి రోజు చేను గట్టు మీద కొంగు ముఖం మీదికి లాక్కుని నిలబడిపోయాను. అందరూ నన్ను చూస్తున్నారు, ఎవరూ పిలవడం లేదు. అక్క సాల్లోంచే తల తిప్పి, "రత్తమ్మా, గట్టు మీద నిలబడితే కాయ తెగదు. రా, నా పక్క సాలు పట్టు," అంది. జాలి మాట ఒక్కటీ లేదు. అందుకే దిగగలిగాను.

పక్క సాలంటే చిన్న సంగతి కాదు. కోతకు దిగినప్పుడు ఆడవాళ్ళందరూ ఒక్కో సాలు, అంటే ఒక్కో చెట్ల వరస, పట్టి ముందుకు పోతారు. మేస్త్రిది మొదటి సాలు. ఆమె చెయ్యి ఎంత వేగమో ముఠా అంత వేగం. ఎంత చురుకైన చెయ్యి ఉన్నదైనా మొదటి సాలు దాటి ముందుకు పోకూడదు. అది ఎక్కడా రాసిపెట్టి లేదు, ఎవరూ తప్పలేదు. పక్క సాలు వాళ్ళు మేస్త్రిని చూసి నేర్చుకుంటారు. కొమ్మ విరక్కుండా కాయ ఎలా తుంచాలో, మండే చెయ్యి కంటికి తగలకుండా చెమట ఎలా తుడుచుకోవాలో, ఆసామి అరిస్తే వినపడనట్టు ఎలా ఉండాలో, అన్నీ ఆమె పక్కనే నేర్చుకున్నాను.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఏ చేలోనైనా ముఠా దిగేముందు అక్క ఒక్కతే లోపలికి పోయి, ఆకు తుంచి వాసన చూసి, మందెప్పుడు కొట్టారని ఆసామిని అడిగేది. ఒకసారి ఒక పెద్ద రైతు, ధర పడిపోయేలోగా కాయ యార్డుకు చేర్చాలని తొందరలో ఉన్నాడు, వారం దాటిందని చెప్పాడు. అక్క చేతిలో ఆకు వాసన వేరే చెబుతోంది. ఆమె గొంతు పెంచలేదు.

"అట్లాగా అయ్యా. అయితే ఒక కాయ తుంచి కొరకండి. మేం దిగుతాం."

"కాయ కొరకమంటావేందే, మతి పోయిందా?"

"మిరపకాయ నంజుకోకపోతే మీకు ముద్ద దిగదని మీ ఇంటావిడే చెప్పిందిగా."

గట్టు మీద ఆడవాళ్ళు నవ్వారు. ఆయన చెట్టు వంక చూశాడు, నేల వంక చూశాడు, చివరికి ఎల్లుండి రమ్మన్నాడు. ఆ రోజు కూలి పోయింది. దారిలో కొందరు సణిగారు, నేనూ లోలోపల సణిగిన దాన్నే. అక్క ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. నాతో మాత్రం, ఒంట్లోకి పోయేదాన్ని గురించి అడగడానికి సిగ్గుపడొద్దు, అడిగితే వాళ్ళకే సిగ్గు అంది. ఇంత తెలిసిన మనిషి తన విషయంలో ఆ మాట అడగలేదు. నాకు ఈనాటికీ మింగుడుపడనిది అదే.

పత్తి కాలంలో మా ఊళ్ళోకి పురుగుమందుల కంపెనీల జీపులు వచ్చేవి. మైకు, టోపీలు, గోడల మీద బొమ్మలు. ఎక్కువ డబ్బాలు అమ్మిన షాపు వాళ్ళకు ఊళ్ళు చూపించే టూర్లు. డబ్బా ఖాళీ అయ్యేది, పురుగు అలాగే ఉండేది, షాపు వాడు ఇంకో డబ్బా ఇచ్చేవాడు, రెండూ కలిపి కొట్టమనేవాడు. ఆ ఏళ్ళు ఎంతమంది ఇళ్ళల్లో దీపాలు ఆర్పాయో ఈ పొలాలకు తెలుసు. అవన్నీ కళ్ళతో చూసిన వాళ్ళం కదా, కొన్నేళ్ళకు మా ఊళ్ళో మొదటిసారి గుండె క్యాంపు పెట్టిన రోజు అదే షామియానా, అదే మైకు, టోపీలకు బదులు ఎర్ర గుండె బొమ్మ వేసిన సంచులు కనపడితే గుర్తుపట్టొద్దూ? గుర్తుపట్టలేదు. మజ్జిగ ప్యాకెట్లు ఇచ్చారని సంబరపడ్డాం.

క్యాంపు నడిపించింది మా ఊరి ఆర్ఎంపీ డాక్టరు రాఘవులు. చెడ్డవాడు కాదు, జ్వరమొస్తే సైకిలు మీద ఇంటికే వచ్చేవాడు. ఆ రోజు పెళ్ళిపెద్దలా తిరుగుతున్నాడు. మెడకు టై కట్టుకున్న కంపెనీ కుర్రాడు ఒకడు అందరి వేళ్ళూ గుచ్చి చూశాడు. అక్కకు కొవ్వు ఎక్కువుందన్నాడు. అట్ట మీద బొమ్మ చూపించాడు. గొట్టం, దాని నిండా పసుపుపచ్చగా గడ్డకట్టిన కొవ్వు, మధ్యలో సూది బెజ్జమంత దారి. "మీ రక్తనాళాలు ఇట్లా ఉన్నాయమ్మా," అన్నాడు. అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసింది. ఆమె పెనిమిటి మస్తాన్ కల్లం మీద కాయ ఎండబోస్తూ గుండె పట్టుకుని ఒరిగిపోయాడు, మంచినీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. ఆ బొమ్మలో ఆమెకు ఆయన కనపడ్డాడని నేననుకుంటాను. కుర్రాడు చేతిలో పెట్టిన మాత్రల అట్టను కొంగున ముడివేసుకుంది. ఒక్క మాట అడగలేదు. ఎన్నాళ్ళు వేసుకోవాలని నేనడిగితే, బతికున్నన్నాళ్ళూ అని నవ్వుతూ చెప్పాడు. మొదటి అట్ట ఉచితం. తర్వాతవి రాఘవులు దగ్గర కొనుక్కోవాలి.

కొన్ని నెలలు బాగానే ఉంది. తర్వాత తొడలు లాగేస్తున్నాయనేది. ముందు పొద్దున్నే, తర్వాత పొద్దస్తమానం. తాలుకాయలు ఏరడానికి గొంతుక్కూర్చుంటే లేవడానికి నేలకు చెయ్యి ఆనించేది. ముఖం ఉబ్బింది. సంక్రాంతి దాటిన ఎండలో కూడా చలి అనేది. రెండు చేలకు వినపడే గొంతు బొంగురుపోయింది. వయసు అనుకున్నాం. మాత్ర ఆపి చూడు అక్కా, లేదా డాక్టర్ని అడుగు అంటే ఆమె చెప్పిన జవాబు నేను మర్చిపోలేను.

"పత్తికి గట్టి మందు కొట్టినప్పుడు ఆకు అంచులు మాడవూ? మాడితే ఏమనుకున్నాం? మందు పట్టిందనుకున్నాం. ఇదీ అంతే రత్తీ. లోపల కొవ్వు కరుగుతుంది, కాళ్ళు లాగుతున్నాయి."

ఇది మా పొలాల్లో పుట్టిన తెలివి. మందు కొట్టిన మర్నాడు ఆకు చివర్లు ఎర్రగా ముడుచుకుంటే, పెట్టిన డబ్బు వృథా కాలేదని రైతు గట్టు మీద తృప్తిగా నిలబడేవాడు. ఏమీ కాకపోతేనే అనుమానం, నకిలీ మందేమోనని. ఆ తృప్తినే అక్క తన ఒంటి మీదికి తెచ్చుకుంది. నొప్పి ఎక్కువైన కొద్దీ మాత్ర మీద ఆమెకు గురి పెరిగింది. రాఘవులు దగ్గరికి వెళ్ళి కాళ్ళ సంగతి చెప్పింది కూడా. ఆయన కంపెనీ కుర్రాడిని ఫోన్లో అడిగి, కొవ్వు మొండిది, ఇంకా పెద్ద మాత్ర కావాలన్నాడు. చావని పురుగుకు ఇంకో డబ్బా ఇచ్చినట్టే ఇచ్చాడు. నొప్పులకు వేరే బిళ్ళలు ఇచ్చాడు. అక్క ఆ పెద్ద మాత్ర నాకు చూపించి, దీని ఖరీదు కూడా పెద్దదే, ఒక్కటి కూడా వదలకూడదు అంది. నేనూ దుబారా ఎరగని మనిషిని. అది నాకూ న్యాయంగానే తోచింది.

ఆ ఏడు రెండో కోత పెద్ద చేలో పడింది. పొద్దున్నుంచీ ముఠా ఈడ్చుకుంటూ నడుస్తోంది. అక్క ఒక చెట్టు దగ్గర్నుంచి ఇంకో చెట్టుకు పోవడానికి తొడలు రెండు చేతులతో పట్టుకుంటోంది. ఎవరూ ఆమెను దాటలేదు. చెయ్యి ఆగని పిల్లలు కూడా కోసిన చెట్టునే మళ్ళీ తడుముతూ, తువ్వాలు విప్పి కట్టుకుంటూ వెనకే ఉండిపోయారు. ఆసామి గట్టు మీద నుంచి కేకలేశాడు. ఇట్లాగయితే కాయ చెట్టునే ఎండుతుంది, మీకు కూలెందుకు, ఇంటికి పొండి అన్నాడు. అక్క విన్నది. ఆమె సాలు మధ్యలో నిలబడి వెనక్కి తిరిగి, ఆగిపోయి ఉన్న వరసంతా ఒకసారి చూసింది. నెత్తి మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుంది. నా దగ్గరికి వచ్చింది, రావడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు మొదటి సాలు పట్టు."

"నేను పట్టను అక్కా."

"పట్టవే. నా వల్ల వీళ్ళ నోటి కాడ కూడు పోతుంది. పట్టు."

నేను పట్టాను. అక్క గట్టెక్కి కూర్చోబోయింది, కూర్చోలేక పడింది. ఇద్దరు పోయి లేపారు. ఆ పొద్దంతా నేను ముందుకు పోతూనే ఉన్నాను, వెనక ముఠా నా వేగం పట్టుకుంది. తల తిప్పి గట్టు వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే ఆమె ఇచ్చిన సాలుకు విలువ లేదు. మేస్త్రి అయిన రోజు ఎవరికైనా సంతోషం ఉంటుంది. నాకు ఆ రోజు లేదు.

తర్వాత కొద్ది రోజులకే ఆమె మూత్రం టీ డికాక్షన్ రంగులో పోతోందని కూతురు వచ్చి చెప్పింది. రాఘవులు వేడి చేసిందన్నాడు, సబ్జా నీళ్ళు తాగమన్నాడు. నేను ఆయన మాట వినలేదు. ఆటో మాట్లాడి గుంటూరు తీసుకుపోయాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ, మా పిల్లల వయసు ఉంటుందేమో, మాత్రల అట్ట చూసింది, అక్క తొడ మీద వేలితో నొక్కింది, అక్క కెవ్వుమంది. రక్తం తీశారు. సాయంత్రానికి నన్నూ కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఆ మాటలు నేను మార్చకుండా చెబుతున్నాను.

"కండరం చితికిపోయి ఆ చెత్తంతా కిడ్నీల మీద పడిందమ్మా. ఈ మందు చెడ్డది కాదు, గుండెపోటు వచ్చిన వాళ్ళకి ప్రాణం నిలబెడుతుంది. కానీ ఈవిడకి థైరాయిడ్ బాగా తక్కువగా ఉంది. కొవ్వు పెరిగింది చాలావరకు దాని వల్లే. ముందు దానికి మందివ్వాలి. అది చూడకుండా ఇది ఇచ్చారు, పైగా ఇంత పెద్ద డోసు. కాళ్ళ నొప్పులని ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పింది," అన్నాను. "చెప్పినప్పుడే డోసు పెంచారు."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది.

ఊరికి రాగానే రాఘవులు గదికి వెళ్ళాను. మూల కొత్త ఫ్రిజ్ ఉంది, తలుపు మీద క్యాంపు సంచీల మీదున్న ఎర్ర గుండె బొమ్మే ఉంది. ఎవరిచ్చారని అడగనక్కర్లేకపోయింది. నేను కూర్చోలేదు. థైరాయిడ్ అనేది ఒకటుంటుందని నీకు తెలియదా అన్నాను. తెలుసన్నాడు. మరి ఎందుకు చూడలేదంటే, ఆ పరీక్ష క్యాంపులో లేదన్నాడు. నొప్పులని చెబితే మాత్ర ఎందుకు పెంచావంటే, తలొంచుకుని, "కంపెనీ వాళ్ళు చెప్పారు రత్తమ్మ గారూ. వాళ్ళకి తెలుస్తుందనుకున్నాను," అన్నాడు. మరి నీ కొవ్వు ఎంతుంది, నువ్వు వేసుకుంటున్నావా ఈ మాత్ర అని అడిగాను. తన వేలు తను ఎప్పుడూ గుచ్చి చూసుకోలేదట. ఆ క్షణం నాకు అతని మీద కోపం కూడా రాలేదు, అసహ్యం వేసింది. పాతికేళ్ళు మా జ్వరాలు చూసినవాడు, మా ఒళ్ళు వాళ్ళ బేరానికి అప్పజెప్పాడు. ఆ టై కుర్రాడి కోసం వాకబు చేస్తే, కంపెనీ మారి విత్తనాలు అమ్ముతున్నాడని తెలిసింది. ఎవరినీ ఎవరూ శిక్షించలేదు. తర్వాతి ఏడు అదే షామియానా పక్క ఊళ్ళో వేశారు.

అక్క బతికింది. కిడ్నీలు తేరుకున్నాయి, థైరాయిడ్ మాత్రతో ముఖం ఉబ్బు తగ్గింది, గొంతు తిరిగి వచ్చింది. కొవ్వు కూడా దానంతటదే దిగింది. కాళ్ళు మాత్రం పూర్తిగా రాలేదు. కర్రతో ఇంటి నుంచి మసీదు సందు దాకా నడిచేది, అంతే. గొంతు వచ్చి కాళ్ళు రాకపోవడం మరీ అన్యాయం అనిపించేది నాకు. కోతలకు ముఠా పోతుంటే గుమ్మంలోంచే కేకేసి ఏ చేనని అడిగేది. మందెప్పుడు కొట్టారో కనుక్కున్నావా అనేది. కనుక్కున్నాను అక్కా అనేదాన్ని. ఆమె తలూపేది. చూసేవాళ్ళకు ఆమె ఇంకా మేస్త్రిలాగే ఉండేది. నాకు మాత్రం చొక్కా తొడుక్కోని ఆమె చేతులు కొత్తగా, బోసిగా కనపడేవి.

కొన్నేళ్ళకు నాకే గుండెపోటు వచ్చింది. గుంటూరులోనే స్టెంట్ వేశారు. ఇంటికి పంపే ముందు డాక్టరు చీటీ ఇస్తే, మందుల షాపులో పేరు చదివించుకున్నాను. అదే మాత్ర. మెట్లెక్కి మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయి, ఇది నాకెందుకు, ఎంత, థైరాయిడ్ చూశారా, కిడ్నీ చూశారా, కాళ్ళు లాగితే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి అని వరసగా అడిగాను. బయట జనం ఉన్నారు, నర్సు విసుక్కుంది. ఆయన మాత్రం పెన్ను కింద పెట్టి అన్నిటికీ చెప్పాడు. అన్నీ చూశామన్నాడు. మీకు ఇది అవసరం, మీ అంతట మీరు ఆపొద్దు, నొప్పి తెలిస్తే ఆ రోజే ఫోన్ చెయ్యండి అన్నాడు. నాకు నమ్మకం కుదిరింది. కానీ ఇంటికొచ్చాక మాత్ర చేతిలో పెట్టుకుంటే నోరు తెరుచుకోలేదు. అక్క కాళ్ళు తిన్న దాన్ని నేనెలా మింగను? రెండు రోజులు మింగలేదు.

మూడో రోజు మౌలాబీ అక్క వచ్చింది. కూతురు భుజం పట్టుకుని, కర్ర ఆనించుకుంటూ, ఊరి ఆ చివర నుంచి మా ఇంటికి. మంచం మీద నా పక్కన కూర్చుని ఆయాసం తీర్చుకుంది. మా కోడలు చెప్పిందట.

"మింగట్లేదంటగా?"

"నీ కాళ్ళు చూస్తూ ఎట్లా మింగను అక్కా."

"నా కాళ్ళ కోసం నువ్వు చస్తే నా కాళ్ళు వస్తాయా? నాకు అక్కర్లేనిది ఇచ్చారు, అడగలేదు, పోయాయి. నీకు కావాల్సింది ఇచ్చారు, అడిగావు. మింగు."

ఆమె చూస్తుండగా మింగాను. ఆమె నా గ్లాసు తీసి కింద పెట్టింది. తర్వాత నా చీర మీద నుంచే తొడ మీద బొటనవేలు ఆనించి గట్టిగా నొక్కింది. నొప్పుందా అంది. లేదన్నాను. నిజం చెప్పమంది. నిజంగానే లేదన్నాను. రెండో తొడ నొక్కింది. ఆ తర్వాత ఆమె ప్రాణం ఉన్నన్నాళ్ళూ, కదలగలిగితే తను వచ్చింది, కదలలేకపోతే నన్ను పిలిపించుకుంది. జొన్నరొట్టె నొక్కి చూసినట్టు నా తొడలు నొక్కి చూసేది, నా ముఖంలోకి చూస్తూ. నేను ముఖం చిట్లిస్తానేమోనని వెతికేది. ఆమె కాళ్ళు అరిగిపోతున్నన్నాళ్ళూ అలా నొక్కి చూసి అడిగిన వాళ్ళు ఒక్కరు లేరు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ అనలేదు.

అక్క పోయి రెండేళ్ళ కోతలు దాటాయి. రాత్రి అన్నం అయ్యాక మాత్ర మింగి, దీపం కింద కూర్చుని, బొటనవేలితో ముందు కుడి తొడ, తర్వాత ఎడమ తొడ నేనే నొక్కి చూసుకుంటాను. నా వేలికి ఆమె బలం లేదు. అందుకని కోడల్ని పిలిచి నొక్కమంటాను. గట్టిగా నొక్కమంటాను.